పదకొండో గడిలో భర్త

గర్భవతికి కావలసింది పాలు కాదు, పళ్లు కాదు, డాక్టరుగారు రాసే ఐరన్ మాత్రలు అసలే కాదు. ఒక ఫారం కావాలి. వెనకా ముందూ అచ్చయిన ఫారం! మధ్యలో కార్బన్ పేపర్ పెట్టి మూడు కాపీల్లో నింపిన ఫారం!

నవ్వకండి. నేను నవ్వులాటకి అనడం లేదు. నా పేరు విశ్వేశ్వరరావు. పుట్టింది తణుకు దగ్గర, ఉంటున్నది కూకట్‌పల్లిలో ఒక కిరాయి ఇంట్లో. బాలానగర్‌లో పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్లుగా టైమ్ కీపర్‌ని. పొద్దున్నే గేటు దగ్గర కూర్చుని హాజరు పట్టీలో టిక్కులు పెట్టడం నా ఉద్యోగం. మధ్యాహ్నం అన్నం డబ్బా మూసి, వర్కర్ల బీమా కాగితాలు నింపిపెట్టడం నేను చేసుకునే పుణ్యం.

ఈ బీమా అంటే జనానికి ఎందుకో అంత చిరాకు! వారం వారం జీతంలో కోస్తారు, తీరా అవసరం వచ్చినప్పుడు అక్కరకు రాదు, ఆ రూల్స్ దేవుడికి కూడా అర్థం కావు అంటారు. ఎంత అన్యాయం! అసలు దేవుడు చదవడానికి ప్రయత్నించాడా? నేను ప్రయత్నించాను. ముప్పై ఆరు పేజీల రూల్స్ పుస్తకాన్ని స్నానం చేసి మరీ చదివాను. ఆరోసారి చదివాక మొత్తం అర్థమైంది. ఏడోసారి చదివాక, ఆరోసారి అర్థమైందంతా తప్పని అర్థమైంది.

ఆ పుస్తకం రాసినవారి కరుణ చూడండి. ఫ్యాక్టరీలో చేరిన వారం నుంచే కోత మొదలవుతుంది. ప్రయోజనం మాత్రం తొమ్మిది నెలలు గడిచాక మొదలవుతుంది. అంటే బీమాకి కూడా నెలలు నిండాలన్నమాట! తల్లి కష్టం తెలిసిన స్కీము ఇంతకన్నా ఎక్కడుంటుంది?

ఇక గర్భవతులకు నడక మంచిదని డాక్టర్లు ఊరికే నోటితో చెప్పి వదిలేస్తారు. బీమావారు దగ్గరుండి నడిపిస్తారు. పేరు రాసుకునే చోటు ఒకటి, ముద్ర వేసే చోటు ఇంకొకటి, మందులిచ్చే చోటు మూడోది. ఈ మూడింటి మధ్యా బస్సు లేదు. మాదాపూర్ గుట్టల్లో, ఆ మేకలు తిరిగే బండల మీద, ఏదో ఒకనాడు ఏడంతస్తుల మేడలు లేస్తాయని ఎవరైనా అంటే మనం నవ్వుతాం. ఒక ఫారం పని ఒకే ఒక్కసారి వెళ్తే అయిపోతుందని అంటే ఇంకా ఎక్కువ నవ్వాలి.

కొందరు మొండివాళ్లు అడుగుతారు, పూర్వం ఏ ఫారం లేకుండా పిల్లలు పుట్టలేదా అని. పుట్టారండీ, ఎందుకు పుట్టలేదు! మియాపూర్‌లో రుక్కమ్మ అని ఒక మంత్రసాని ఉంది. ఆమె పని తీరు వింటే చదువుకున్నవాళ్లకి ఒళ్లు జలదరిస్తుంది. పిలవగానే వచ్చేస్తుంది! జోరున వాన పడుతున్నా వచ్చేస్తుంది. కాళ్లు కడుక్కుని తిన్నగా లోపలికి పోతుంది. కార్డు నంబరు అడగదు. ముద్ర వేయదు. చీరో, కుంచెడు జొన్నలో ఏది పెడితే అది పుచ్చుకుంటుంది. ఆమె చేతుల మీదుగా మూడు ఊళ్ల జనం పుట్టారు కదా, ఒక్కరి పేరైనా రిజిస్టర్‌లో రాసిందా? వాళ్లంతా నిజంగానే పుట్టారనడానికి రుజువేమిటి?

ఇంతటి అజ్ఞానంలోంచి మా సాయిలు ఎలా బయటపడ్డాడో చెబుతాను, వినండి.

సాయిలు మా ఫ్యాక్టరీలో ఫౌండ్రీ వర్కరు. కరిగిన ఇనుమును అచ్చుల్లో పోసే పని. ఆరేళ్లుగా మియాపూర్ నుంచి సైకిల్ మీద వస్తాడు. రెండేళ్ల కిందట ఇనుము చింది, ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలింది. ఆ మచ్చ ఇంకా ఉంది. భార్య కిష్టమ్మ, తల్లి సత్తెమ్మ, నాలుగేళ్ల కొడుకు ఐలయ్య, ఇదీ వాళ్ల ఇల్లు.

ఐలయ్య పుట్టినప్పుడు కిష్టమ్మ మూడు రోజులు నొప్పులు పడింది. రుక్కమ్మే ఎలాగో ఇద్దరినీ దక్కించింది. దక్కించి, చేతులు కడుక్కుంటూ, సత్తెమ్మతో కచ్చితంగా చెప్పేసింది. "ఇంకోపారి నా చేతుల వెట్టకు అక్కా. నాతోని కాదు. పెద్ద దవాఖానకు తోల్కపో. లేకుంటే పిల్ల దక్కది."

అందుకని కిష్టమ్మకి మళ్లీ నెల తప్పగానే సాయిలు కార్డు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"సార్, గీ పారి దవాఖానల్నే కావాలె. బయట దవాఖానకు పోయే తాకత్ నాకు లేదు. గీ కార్డు పని జేస్తదా?"

"చేస్తుందా అని అడుగుతావేమిటోయ్!" అన్నాను. "ఆరేళ్లుగా నీ దగ్గర కోస్తున్నది ఎందుకు? మంచం ఉచితం, మందులు ఉచితం, కాన్పు ఉచితం. ఐదో నెల దాటకుండా వెళ్లి పేరు రాయించుకోవాలి, అంతే."

ఆ ఫారంలో ఇరవై మూడు గళ్లు ఉంటాయి. ఆ రోజు మధ్యాహ్నం కూర్చుని ఇరవై రెండు గళ్లు ముత్యాల్లాంటి అక్షరాలతో నింపాను. పదకొండో గడి మాత్రం ఖాళీగా వదిలేశాను. పదకొండో గడి అంటే 'భర్త పేరు'. దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఒక మాట అచ్చువేసి ఉంటుంది. 'దరఖాస్తుదారు స్వయంగా చెప్పగా గుమాస్తా నింపవలెను' అని. ఎవరూ చదవరు. నేను చదివాను! రూల్ అంటే రూల్.

సాయిలుకి సెలవు దొరకలేదు. కిష్టమ్మ అత్తను వెంటబెట్టుకుని బస్సులో వెళ్లింది. గర్భవతి తప్ప ఇంకెవరూ లోపలికి రాకూడదన్నారు కాబట్టి సత్తెమ్మ బయట వరండాలో కూర్చుంది. లోపల గుమాస్తా రామ్మోహనరావుగారు. మా గోదావరి జిల్లా మనిషే. పరుషంగా ఒక్క మాట అనని పెద్దమనిషి.

"మీ ఆయన పేరు చెప్పండమ్మా" అన్నారు.

కిష్టమ్మ తల వంచుకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కార్డు చూపించింది.

"కార్డు చూశానమ్మా. మీరు నోటితో చెప్పాలి."

"మా ఐలయ్య నాయిన" అంది.

"ఐలయ్య ఎవరమ్మా?"

"నా కొడుకు."

"మీ అబ్బాయి పేరు కాదమ్మా, మీ ఆయన పేరు."

కిష్టమ్మ నేల చూపు చూస్తూ నిలబడిపోయింది. భర్త పేరు భార్య నోట రాకూడదు కదండీ! ఈ వైపూ అంతే, మా కోస్తా వైపూ అంతే. పలికితే ఆయన ఆయుష్షు తరిగిపోతుందని భయం. అందులోనూ కిష్టమ్మ మొగుడు రోజూ నిలబడేది కరిగిన ఇనుము ముందు. ఆ చెయ్యి కాలిన నాటి నుంచి, పొద్దున అతని సైకిల్ గుమ్మం దాటుతుంటే ఆమె వెనక నుంచి పిలవను కూడా పిలవదట.

రామ్మోహనరావుగారు మూడుసార్లు అడిగారు. వెనక క్యూ పెరుగుతోంది. జవాబు రాని గడిలో 'లేదు' అని రాయవలెనని రూల్స్ పుస్తకం పంతొమ్మిదో పేజీలో ఉంది. ఆయన రాశారు. ఇప్పుడు ఫారంలో వరసగా ఇలా ఉంది. పాత జబ్బులు: లేదు. భర్త: లేదు. క్షయ: లేదు.

చూశారా ఆ సొగసు! మొగుడి మీద అంత భక్తి ఉన్న ఆడదాన్ని, ఆ భక్తి మూలానే, అయిదు నిమిషాల్లో మొగుడు లేనిదాన్ని చేసేశారు.

కిష్టమ్మకి చదువు రాదు. ముద్ర పడిన కాగితాన్ని మడిచి, సంతోషంగా ఇంటికి తీసుకుపోయి, బియ్యం కుండలో దాచుకుంది.

ఎనిమిదో నెలలో పరీక్షకి వెళ్తే ఇంకో కౌంటర్ దగ్గర ఆ కాగితం చదివారు. ఈ కార్డు వర్కర్ల భార్యలకు మాత్రమే చెల్లుతుంది, నీకు భర్త లేడు, వెళ్లి రా అన్నారు. మర్నాడు సాయిలు నా కిటికీ దగ్గరికి వచ్చి ఆగమాగం చేశాడు.

"సార్, నేను లేనట! మరి గీ చెయ్యి ఎవనిది?" కాలిన చెయ్యి కిటికీ చువ్వల్లోంచి లోపలికి పెట్టాడు. "నేను లేకుంటే ఆరేండ్లసంది ఎవని జీతంల కోస్తున్రు?"

"కంగారు పడకు సాయిలూ" అన్నాను, పుస్తకం తెరుస్తూ. "కోసే లెక్కలో నువ్వు ఉన్నావు. ఇచ్చే లెక్కలోనే లేవు. రుజువులు పెడితే సరి."

రుజువులు! ఈ స్కీము లేకపోతే సాయిలుకి అవి ఏ జన్మకి దొరికేవి? సర్పంచి ఉత్తరం తెచ్చాడు. పట్వారీ ముద్ర తెచ్చాడు. స్టాంపు కాగితం మీద ఇద్దరు సాక్షుల చేత వేలిముద్రలు వేయించాడు. పెళ్లి ఫోటో ఒకటి ఉండాలన్నారు. పెళ్లినాడు ఫోటో తీసే మనిషి ఎవరూ లేరు కాబట్టి, కూకట్‌పల్లి స్టూడియోలో ఇప్పుడు తీయించాడు. పూలదండలు వేసుకుని, ఎనిమిదో నెల కడుపుతో పెళ్లికూతురు, పక్కన పెళ్లికొడుకు! ఆ ఫోటోను అటూ ఇటూ తిప్పి చూసి ఒక అధికారి దగ్గి, ఫైల్లో పెట్టేశారు. మంచివారు.

అన్నీ చూసి రామ్మోహనరావుగారు తేల్చి చెప్పారు. "భర్త ఉన్నట్టు రుజువైందండీ. ఇక పాత జవాబు మార్చాలంటే ఆమే వచ్చి, ఆమె నోటితో చెప్పాలి. అంతే."

సత్తెమ్మ ఊరుకోలేదు. "నేను జెప్తున్న రాస్కో సారూ. వాడు నా కొడుకు. ఆ పేరు వెట్టిందే నేను!"

"మీరు దరఖాస్తుదారు కారు కదండీ" అన్నారు రామ్మోహనరావుగారు, చాలా నొచ్చుకుంటూ.

ఇంటికి పోయాక సాయిలే బతిమాలాడట. "ఒక్కపారి అనెయ్యే. నాకేం గాదు. ఉత్త ముచ్చట్లు గవన్ని."

"నువ్వు నిప్పు ముంగట నిలవడెటోనివి" అందట కిష్టమ్మ. "నా నోటితోని నేను ఎట్లంట? నీకేమన్నయితే నేనే జేసుకున్నట్లు."

చూడండి, మూఢనమ్మకం! ఒక పక్క ఉచిత కాన్పు, ఇంకో పక్క మొగుడి ప్రాణం. ఇంత తేలికైన లెక్క కూడా తేల్చుకోలేక నెలంతా గడిపింది.

నొప్పులు ఒక మంగళవారం పొద్దున మొదలయ్యాయి. సత్తెమ్మా, రుక్కమ్మా కలిసి బొంబాయి రోడ్డు మీద కంకర లారీని ఆపి, ముందు సీట్లో కిష్టమ్మను కూర్చోబెట్టుకుని బీమా దవాఖానకు బయలుదేరారు. దారిలో మా గేటు దగ్గర లారీ ఆపి కబురు చెప్పారు. అప్పటికి ఫౌండ్రీలో ఇనుము కరిగి ఉంది, అచ్చుల్లో పోస్తున్నారు. పోత మొదలయ్యాక మనిషి మధ్యలో కదలకూడదు. సాయిలుకి గేట్ పాస్ రాలేదు. రూల్స్ తెలిసిన మనిషి ఒకరు ఉంటే మంచిదని, మేనేజరుగారికి చెప్పి నేనే సైకిల్ ఎక్కాను.

వెళ్లేసరికి కిష్టమ్మ కౌంటర్ ఎదురుగా బల్ల మీద ఉంది. చెమటకి జుట్టంతా మొహానికి అంటుకుపోయింది. రుక్కమ్మ ఆమె కడుపు మీద చెయ్యి వేసి చూసి, రామ్మోహనరావుగారి మీద అరుస్తోంది.

"ఏంది సారూ, పేరు పేరు అంటవు? బిడ్డ ఎదురుకాళ్లతోని ఉన్నది! ఇంగ జరసేపయితే ఇద్దరు దక్కరు. ముందుగాల లోపటికి తోలుండ్రి, పేరు మల్ల రాస్కోవచ్చు!"

"ఒక్క మాటేనండీ" అన్నారు ఆయన. కలం సరిగ్గా పదకొండో గడి మీదే ఉంది. "నేను లోపలికి పంపితే రేపు నా ఉద్యోగం పోతుందండీ. ఒక్క మాట చెప్పమ్మా."

నేనూ నా వంతు చెప్పాను. చదువుకున్నవాణ్ణి కదా! "చెప్పమ్మా, కిష్టమ్మా. ఏమీ కాదు."

ఆమె నా మొహం చూసింది. "ఐలయ్య నాయిన యాడున్నడు సార్?"

"పనిలో ఉన్నాడమ్మా. పోత పోస్తున్నారు."

ఎందుకు చెప్పానో తెలియదు. అబద్ధం ఆడకూడదని కాబోలు. ఆమె కళ్లు మూసుకుంది. బల్ల అంచు రెండు చేతులతో పట్టుకుని, పెదవులు కదిలించింది.

"గట్టిగా చెప్పాలండీ, రాసుకోవాలి" అన్నారు రామ్మోహనరావుగారు.

"సాయిలు!" అని అరిచింది. క్యూలో ఉన్న ఆడవాళ్లు మొహాలు తిప్పుకున్నారు. "సాయిలు! సాయిలు! చాలునా?"

చాలింది. ఆయన 'లేదు' అన్న మాట కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, ముద్ర వేశారు. తలుపు తెరుచుకుంది.

ముప్పావుగంట తరువాత ఆడపిల్ల పుట్టింది. డాక్టరమ్మ చాలా కష్టపడిందట. తల్లీ పిల్లా క్షేమం. చూశారా బీమా మహిమ! మంచానికి పైసా అడగలేదు, మందుకి పైసా అడగలేదు. ఒకే ఒక్క పేరు అడిగారు. ఇంతకన్నా చవకగా ఎక్కడ దొరుకుతుంది కాన్పు?

నన్ను తలుపు దాకా రానిచ్చారు. కిష్టమ్మ ఆడపిల్లా, మగపిల్లాడా అని అడగలేదు. పక్కన పడుకోబెట్టిన బిడ్డ వైపు చూడను కూడా లేదు. నన్ను చూసి ఒకటే అడిగింది.

"సార్, ఐలయ్య నాయిన మంచిగున్నడా?"

"బాగున్నాడమ్మా" అన్నాను. నాకేం తెలుసు? నేను వచ్చి రెండు గంటలైంది.

ఆమె నమ్మలేదు. మొహం గుమ్మం వైపే పెట్టుకుని పడుకుంది. మధ్యాహ్నం రెండు దాటాక సాయిలు మసి మొహంతో, సైకిల్‌ను వరండాలోనే పడేసి లోపలికి వచ్చాడు. కిష్టమ్మ అతని రెండు చేతులూ పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, అప్పుడు ఏడ్చింది. ఆ తరువాతే బిడ్డను దగ్గరికి తీసుకుంది.

నేను బయటికి వస్తుంటే రామ్మోహనరావుగారు వెనకే వరండాలోకి వచ్చారు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అన్నారు. "విశ్వేశ్వరరావుగారూ, ఆ పదకొండో గడి మీరే నింపి పంపి ఉంటే పోయేదండీ. నింపి ఉన్న గడిని మేం అడగం. ఖాళీగా ఉంటేనే అడగాలి. అన్ని ఫ్యాక్టరీల నుంచీ నింపే పంపుతారు."

"కింద రూల్ రాసి ఉంది కదండీ" అన్నాను.

"ఉందండీ" అని ఆయన లోపలికి వెళ్లిపోయారు.

ఆదివారం మధ్యాహ్నం సాయిలు గంపెడు సీతాఫలాలు సైకిల్ మీద పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. "సార్, నీ దయ వల్లనే నా పెండ్లం బతికింది" అని దండం పెట్టాడు. పళ్లు పుచ్చుకున్నాను. అతను వెళ్లాక, అన్నానికి కూర్చుని, మా ఆవిడ పద్మావతికి జరిగినదంతా వివరంగా చెప్పాను. బీమా ఎంత పకడ్బందీగా ఉందో, నేను ఎంత పద్ధతిగా నడిపించానో, ఒక్కటీ వదలకుండా చెప్పాను.

ఆమె వడ్డిస్తూ అంతా విన్నది. చివర్లో ఒకటి అడిగింది.

"రెండేళ్ల కిందట మన చంటిదాని కాన్పుకి కూడా అదే ఫారం కదండీ. ఆ గడి ఎవరు నింపారు?"

"నేనే" అన్నాను.

"మరి కింద రాసిన రూలు?"

"నువ్వు నా పేరు పలకవు కదా. నలుగురిలో నిన్ను నిలబెట్టి అడిగితే బాగుండదని..."

పద్మావతి నెయ్యి గిన్నె కింద పెట్టింది. పెళ్లయిన పదకొండేళ్లలో 'ఏవండీ' తప్ప మరో పిలుపు ఎరగని మనిషి. నా కళ్లలోకి చూసింది.

"విశ్వేశ్వరరావుగారూ" అంది. "ఎలా ఉందండీ వినడానికి?"

పాఠకులు కంగారు పడనక్కర్లేదు. నాకేమీ కాలేదు. అన్నం మాత్రం సహించలేదు. మర్నాడు పొద్దున్నే మామూలుగా గేటు దగ్గర కూర్చున్నాను. సైకిల్ దిగి సాయిలు నమస్కారం పెట్టాడు. పాత హాజరు పట్టీ నిండిపోయింది, కొత్తది మొదలుపెట్టాలి. మొదటి పేజీలో అతని పేరు నా చేత్తో రాశాను. మూడక్షరాలు. రెండు క్షణాలు కూడా పట్టలేదు.